ఇప్పల నడుమ నల్లమద్ది

కూపులో చెట్టు కొట్టడం వేరు, తోపులో చెట్టు దించడం వేరు. రెండూ ఒకటే పని అనుకొని వచ్చేవాళ్ళే ఎక్కువ. అడవిలో నరకడానికి కూపు పడిందంటే ఆ ముక్క మొత్తం నేలకు రావలసిందే. ఒక చెట్టు ఇంకో చెట్టు మీద పడితే అడిగేవాడు లేడు. పైగా రెండో దానికి దెబ్బలు తగ్గాయని సంతోషం. తోపు అలా కాదు. ఎకరమో అరెకరమో జాగా, అందులో ఎవరి తాతో పెంచిన చెట్లు. వాటి నడుమ ఒకదాన్ని తియ్యాలి, మిగతావాటికి దెబ్బ తగలకూడదు. నేను బతికింది ఈ రెండో పని మీద.

ఈమధ్య మా వాడకట్టులో కొందరు పిల్లలు మిషను రంపాలు తెచ్చుకొని ఈ పనిలోకి దిగారు. "అవ్వా, మాకేమన్న చెప్పు" అని వస్తారు, చెబుతుంటే సగంలో చాయ్‌కి లేచిపోతారు. అందుకే రాస్తున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది జుట్టు నెరిశాక, మా కోడలి దగ్గర. రాయడం ఇంకా మెల్లగానే సాగుతుంది. పర్మిట్ల సంగతి, ఎవరు ఎంత ఇచ్చారన్న సంగతి ఇందులో ఉండదు. చెట్టు ఎందుకు అటు పడింది, ఇటెందుకు పడలేదు అన్నదే రాస్తాను. నాకు ఆ రోజుల్లోనూ ఆ ఒక్క సంగతే పట్టుకుంది.

పండుకొని చూడటం

మాది చొప్పదండి దగ్గర పల్లె. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు నా పెళ్ళి అయ్యింది. మా ఆయన మల్లయ్య అప్పటికే కాసిం ఉస్తాద్ జట్టులో గొడ్డలి పనికి పోతున్నాడు. ఉస్తాద్‌ది జమ్మికుంట. సగం తెలుగు, సగం దక్కనీ మాట్లాడేవాడు. ఒకప్పుడు కూపులు పట్టినవాడే. ఆ పని విసుగొచ్చి వదిలేశానని చెప్పేవాడు. "అండ్ల ఆలోచించే పని లేదు బేటీ, చెయ్యి నొప్పి తప్ప" అనేవాడు.

ఆ జట్టులో మగవాళ్ళు గొడ్డలి పట్టేవాళ్ళు, ఆడవాళ్ళం మోకు పట్టేవాళ్ళం. చెట్టు పైభాగానికి మోకు కట్టి, పడాల్సిన వైపు దూరంగా నిలబడి లాగాలి. దీన్ని చిన్న పని అనుకునేవాళ్ళు. కానీ గొడ్డలి పట్టినవాడు ఎప్పుడూ మొదలు వంకే చూస్తాడు. మోకు పట్టినవాళ్ళు కొస వంక చూడాలి. చెట్టు కదలిక మొదట తెలిసేది కొసలోనే. అది బోదె మొదట్లోకి వచ్చేసరికి ఆలస్యం అయిపోతుంది.

ఉస్తాద్‌కు ఒక అలవాటు ఉండేది. కొత్త తోపులోకి పోగానే గొడ్డలి ముట్టడు. చెట్టు మొదట్లో రుమాలు పరుచుకొని వెల్లకిలా పడుకుంటాడు. కొంతసేపు అలా చూసి, లేచి, ఇంకో పక్కకు పోయి మళ్ళీ పడుకుంటాడు. తోపు గలవాళ్ళకు అనుమానం వచ్చేది. "ఈయన చెట్టు కొట్టనీకి వచ్చిండా, పండనీకి వచ్చిండా" అని మాకే వినబడేలా అనేవాళ్ళు. నేను చేరిన కొత్తలో ఒకసారి, పండుకుంటే ఏం కనబడుతుందని అడిగాను.

"పండుకొని చూడు బేటీ. నేను చెప్తే నా కండ్లతోటి చూస్తవు" అన్నాడు.

కొత్త కోడలిని, నలుగురిలో ఎలా పడుకుంటాను? అందరూ సద్ది తినడానికి పోయినప్పుడు పడుకొని చూశాను. నిలబడినప్పుడు మనకు కనబడేది బోదె. పడుకుంటే కనబడేది బరువు. ఏ పక్క కొమ్మలు దట్టంగా ఉన్నాయి, ఏ పక్క ఆకాశం తొంగిచూస్తోంది, అన్నీ ఒక్కసారి తెలుస్తాయి. బోదె ఉత్తరానికి వంగి ఉండొచ్చు, తలకాయ దక్షిణానికి బరువెక్కి ఉండొచ్చు. పడేటప్పుడు చెట్టు తలకాయ మాటే వింటుంది. ఇంకో వింత కూడా అప్పుడే తెలిసింది. నేల మీద ఖాళీ ఉన్నచోట పైన ఖాళీ ఉండదు. కింద రెండు చెట్ల నడుమ బండి పోయేంత దారి ఉంటుంది, పైన వాటి కొమ్మలు చేతులు కలుపుకొని ఉంటాయి. చెట్టు వచ్చేది పైనుంచి కదా. దానికి కావలసింది పైన దారి.

ఆ తర్వాత సిగ్గు పోయింది. నేనూ రుమాలు తెచ్చుకున్నాను.

ఉస్తాద్ పొరపాటు

గొప్ప పనివాడి దగ్గర ఒప్పుల కంటే తప్పులు చూస్తే ఎక్కువ నేర్చుకోవచ్చు. జమ్మికుంటలోనే, ఒక పత్తి వ్యాపారి మామిడితోటలో పెద్ద చింతచెట్టు దించాల్సి వచ్చింది. దాన్ని పడేయాల్సిన పక్క సందుకు అటూ ఇటూ లేత మామిళ్ళు ఉన్నాయి. వాటి మీద గీత పడకూడదని ఉస్తాద్ ముందుగా ఆ పక్క చింతకొమ్మలన్నీ కొట్టించి, తాళ్ళతో మెల్లగా దింపించాడు. ఎంతో ఓపికగా చేశాం. ఆకు కూడా రాలలేదని వ్యాపారి మెచ్చుకున్నాడు.

తర్వాత మొదలు నరకడం మొదలుపెట్టారు. సగం కూడా కాకముందే చింత పెద్దగా మూలిగి, మేము అనుకున్న దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కుకు పోయింది. అటు పక్క కాపు మీద ఉన్న పెద్ద మామిడి నిలువునా చీలింది. ఒక పక్క బరువు తీసేశాక ఇంకో పక్క బరువు గెలుస్తుంది. ఇది పిల్లలకు కూడా తెలిసిన మాట. కానీ చెట్టు కింద ఉన్నప్పుడు మాకెవరికీ తట్టలేదు.

వ్యాపారి చాలా మాటలు అన్నాడు. సాయంత్రం చాయ్ తాగేటప్పుడు ఉస్తాద్ అన్నాడు: "పొద్దుగాల పండుకొని చూసిన. కొమ్మలు కొట్టినంక మళ్ల పండుకోలే. గది వేరే చెట్టు అయిపోయింది, నేను పాత చెట్టునే కొడుతున్న."

ఒక్క కొమ్మ తీసినా అది వేరే చెట్టే. మిషను రంపం పట్టేవాళ్ళు దీన్ని ఎక్కువ గుర్తుపెట్టుకోవాలి. గొడ్డలితో అయితే చెయ్యి నొచ్చి మధ్య మధ్య ఆగుతాం, ఆగినప్పుడు తల పైకెత్తుతాం. మిషనుకు నొప్పి లేదు.

కట్టె చెప్పే మాట

మేము దించిన కట్టెలో కొంత గోదావరి ఒడ్డు బొగ్గుబాయిలకు పోయేది. లోపల కప్పు కూలకుండా ఆసరాగా నిలబెట్టే మొద్దులకు వాడేవాళ్ళు. ఒకసారి కట్టె బండి వెంట బొగ్గుబాయి కాలనీకి పోయి, రెండు రోజులు అక్కడ ఉండాల్సి వచ్చింది. ఆ కాలనీలో ఎక్కడెక్కడివాళ్ళో ఉంటారు, పక్కపక్క ఇళ్ళలో వేరు వేరు భాషలు. మేము దిగిన ఇంటామె భర్త బాయిలోకి దిగేవాడు. ఇనుప స్తంభాలు గట్టివి కదా, మరి కట్టె ఎందుకు అడుగుతారని ఆమెను అడిగాను.

"ఇనుము మాట్లాడదు అక్కా. కట్టె ఇరిగే ముందుగాల కిర్రు కిర్రుమంటది. గది ఇని మావోళ్ళు ఉరుకుతరు" అన్నది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. చెట్టు పడాల్సిన వైపు మొదట్లో గొడ్డలితో నోరు తెరుస్తాం. దానికి ఎదురుగా, కొంచెం ఎత్తులో, వెనక కోత వేస్తాం. రెండింటి నడుమ కొంత కట్టె మిగలనిస్తాం. తలుపుకు బందు ఎలా పనిచేస్తుందో అది అలా పనిచేస్తుంది. చెట్టును పట్టుకొని, తిప్పి, మనం చెప్పిన దిక్కుకు వంచేది ఆ కాస్త కట్టే. ఆ బందు కూడా విరిగే ముందు మాట్లాడుతుంది. అంతవరకు నేను ఆ చప్పుడుకు భయపడి వెనక్కి జరిగేదాన్ని. కాలనీ నుంచి వచ్చాక దాన్ని వినడం మొదలుపెట్టాను. పచ్చి కట్టె చప్పుడు ఒకలా, ఎండిన కట్టె చప్పుడు ఒకలా ఉంటుంది. తొర్ర పడిన చెట్టు మాత్రం చెప్పాపెట్టకుండా పోతుంది. దాని దగ్గర బందు మీద ఆశ పెట్టుకోవద్దు.

ముత్తుబాయి తోపు

నేను చేసిన పనుల్లో ఇప్పటికీ ఆలోచించేది ఒకటుంది. అప్పటికి హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి కొన్నేళ్ళయింది. జైనూరు అవతల గుట్టల్లో ముత్తుబాయి అనే గోండు పెద్దామె ఉండేది. భర్త లేడు. ఆమె చేను చివర ఇప్పచెట్లు గుంపుగా ఉండేవి. వాటి నడుమ ఒక నల్లమద్ది, మాలో ఇద్దరు చేతులు పట్టుకొని నిలబడినా చుట్టుకోలేనంత లావు. పిడుగు పడి పైభాగం ఎండిపోయింది. ఒక పక్క మాత్రం పచ్చగా ఉంది, ఆ పక్కే అన్నింటికన్నా పెద్ద ఇప్ప ఉంది. మద్ది కొంచెం దాని మీదికి వాలి ఉంది.

మేము పోయింది మాఘంలో. ఇప్పలు ఆకు రాల్చి, కొమ్మల చివర మొగ్గ తొడుగుతున్నాయి. ముత్తుబాయి మమ్మల్ని చెట్ల కిందికి తీసుకుపోయి, సగం మరాఠీ కలిసిన తెలుగులో ఉన్న సంగతి చెప్పింది. ఎండాకాలం గాలివానలకు ఈ మద్ది ఎలాగూ పడుతుంది. పడితే ఇప్పలను తీసుకొనే పడుతుంది. పువ్వు వాళ్ళింట్లో తిండి, గింజ నూనె. చేనులో పండింది అయిపోయాక వానలు పడేదాకా బతికించేది ఆ చెట్లే.

"గిది పడుడు ఖాయం. ఎటు పడాల్నో మీరు చూడుండ్రి" అన్నది. తర్వాత వేలు చూపించి ఇంకో మాట చెప్పింది. "ఇప్పకు మోకు కట్టొద్దు. ఇప్పకు ఇనుము తగలొద్దు."

మల్లయ్య, ఉస్తాద్ ముఖముఖాలు చూసుకున్నారు. పెద్ద చెట్టు దించేటప్పుడు పక్క చెట్టు బోదెకు మోకు చుట్టి పట్టుకోవడం మా అలవాటు. అది లేకుండా అంత బరువును ఎవరు ఆపుతారు? కానీ ఆమె మాటలో న్యాయం ఉంది. బిగిసిన మోకు జారితే బెరడు ఊడి వస్తుంది. బెరడు చుట్టూ ఊడితే చెట్టు బతకదు. కూపులో ఇది ఎవరికీ పట్టదు. ఉస్తాద్ కాసేపు మీసం దువ్వుకొని, గొయ్యి తవ్వమన్నాడు. ఒక పెద్ద మొద్దును గోతిలో అడ్డంగా పడేసి, మన్ను కప్పి తొక్కి, దానికి మోకు కట్టించాడు. మద్ది ఇప్ప మీదికి పోకుండా వెనక్కి పట్టుకొనే మోకు అది. రెండోది మేము ఆడవాళ్ళం లాగేది, పడమటి వైపు. అటు రెండు ఇప్పల నడుమ పైన కూడా దారి ఉంది. పడుకొని చూసి, అదొక్కటే దారి అని ఉస్తాద్ తేల్చాడు. ఎండిన చెట్టు ఎక్కడం ప్రమాదం కాబట్టి, రాయి కట్టిన సన్నతాడు విసిరి, దాని వెంట మోకులు పైకి లాగాం.

గొడ్డలి మడమతో బోదెను తట్టి చూస్తే ఒకచోట చప్పుడు చచ్చినట్టు వచ్చింది. అక్కడ బోదె కడుపులా ఉబ్బి ఉంది. తొర్రేమో అని మల్లయ్య గొడ్డలి మూలతో పొడిచాడు. నీళ్ళు చిమ్మి వచ్చి అతని ముఖం మీద పడ్డాయి. అందరం వెనక్కి గెంతాం. ముత్తుబాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

"చెట్లు కొడ్తరట, మద్దిల నీళ్ళుంటయని తెల్వదట" అని, దొప్ప పట్టి ముందు తాను తాగి, తర్వాత నాకిచ్చింది. కొంచెం పులుపు, చెక్క వాసన. ఎన్ని నల్లమద్దులు కొట్టామో, నాకు ఒక్కదానిలోనూ నీళ్ళు కనబడలేదు. అన్నింటిలో ఉండవని, కొన్నింటికే ఆ కడుపు ఉంటుందని ఆమె చెప్పింది. మేకలు కాసేవాళ్ళు ఎండాకాలం వాటిని వెతుక్కుంటారట. కొన్ని చెట్లే ఎందుకు దాచుకుంటాయి, ఎవరి కోసం దాచుకుంటాయి అని అడిగాను. "దాన్నే అడుగు, రేపటి దాక ఉంటది" అన్నది.

అప్పటికే ఉస్తాద్ ఆ రోజు పని ఆపించాడు. ఆ నీళ్ళ బరువు ఎంతో ఎవరికి తెలుసు, అంతా కారిపోనిచ్చి మళ్ళీ చూద్దామన్నాడు. జమ్మికుంట చింత అతనికి ఇంకా గుర్తుందని నాకు అర్థమయింది.

తీగ

మరునాడు మళ్ళీ పడుకొని చూసి, పడమటి వైపు నోరు తెరిచారు. అంతకుముందే ఒక పని అయిపోయింది. మద్దిని చుట్టుకొని తీగమోదుగ ఒకటి, తొడ లావున, పైదాకా పాకి ఉంది. ఏ జట్టయినా మొదట చేసేది తీగను మొదట్లో నరకడం. మావాళ్ళూ నరికారు. ఎర్రటి బంక కారింది. ఇక తీగ సంగతి ఎవరూ తలుచుకోలేదు.

నోరు తెరవడం అయ్యాక మోకు బిగువు చూడమన్నాడు ఉస్తాద్. మేము ఒకసారి లాగి వదిలాం. మద్ది కొస కదిలింది. దానితోపాటు పెద్దిప్ప కొస కూడా కదిలింది. మళ్ళీ లాగాను. మళ్ళీ అంతే.

"ఉస్తాద్, ఇప్ప గూడ ఊగుతున్నది" అన్నాను.

"గాలికి ఊగుతది. నువ్వు మోకు చూడు" అన్నాడు మల్లయ్య.

"గాలి ఏడున్నది? నీ బీడీ పొగ జూడు, నిలువుగ పోతున్నది."

ఉస్తాద్ పోయి, ఇప్ప కింద రుమాలు పరిచాడు. ఎప్పటి కంటే ఎక్కువసేపు పడుకున్నాడు. లేచేసరికి ముఖం మారిపోయింది. తీగ మద్ది పైనుంచి ఇప్ప మీదికి పాకి, దాని నడికొమ్మను చుట్టుకొని ఉంది. కింద నరికితే తీగకు ప్రాణం పోతుంది, పట్టు పోదు. కూపులో పై సంగతి ఎవరూ చూడరు. తీగ వెంట ఏది విరిగినా విరుగుతుంది. మేమూ ఆ అలవాటుతోనే కింద నరికి ఊరుకున్నాం. మద్ది పడమటికి పడితే ఇప్ప తలను పీక్కొని పోతుంది, లేదా ఇప్పే దాన్ని తన వైపు లాక్కుంటుంది. తీగ ఎండి కుళ్ళేదాకా ఆగుదామంటే నోరు తెరిచేశాం. అలాంటి చెట్టు గాలి వస్తే ఎటయినా పోతుంది.

ఎవరో ఒకరు ఇప్ప ఎక్కి తీగ కొయ్యాలి. మల్లయ్య గొడ్డలి నడుముకు పెట్టుకున్నాడు. ముత్తుబాయి అడ్డం నిలబడింది. మగవాడి బరువుకు కొమ్మ చివరలు విరుగుతాయి, మొగ్గంతా చివరలోనే ఉంది. గొడ్డలి అయితే అసలే వద్దు. నా వంక చూసింది. "మోకుబాయి ఎక్కని. కొడవలి తీస్కపో. ఇప్పకు తగలొద్దు" అన్నది.

ఎక్కాను. అన్నేళ్ళూ కిందినుంచి పైకి చూసినదాన్ని, ఆ రోజు పైనుంచి చూశాను. ముదురు రంగు నూగుతో మొగ్గల గుత్తులు నా చుట్టూ ఉన్నాయి. ఏది పట్టుకోవాలన్నా భయమే. తీగ ఇప్ప కొమ్మను ఎన్నేళ్ళ కింద చుట్టుకుందో, బెరడులోకి దిగిపోయి ఉంది. దాన్ని ఊడదీయాలంటే కొమ్మను గాయం చెయ్యాల్సిందే. కాబట్టి చుట్టను అలాగే వదిలి, రెండు చెట్ల నడుమ గాలిలో సాగిన చోట కొయ్యడం మొదలుపెట్టాను. అది బిగిసి ఉంది. చివరి పోగు తెగగానే తీగ కొరడాలా మద్ది వైపు ఎగిరిపోయింది, నేను కూర్చున్న కొమ్మ కిందికీ పైకీ ఊగింది. కళ్ళు మూసుకొని కొమ్మను కరుచుకున్నాను. కొన్ని మొగ్గలు రాలాయి. కళ్ళు తెరిచి చూస్తే కింద ముత్తుబాయి వంగి ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకోవడం కనబడింది.

దిగి వచ్చి మోకు పట్టుకున్నాను. వెనక కోత మొదలయింది. కొంతసేపటికి బందు కిర్రుమనడం వినబడింది. ఉస్తాద్ చెయ్యి ఎత్తి మల్లయ్యను ఆపి, విని, "లాగుండ్రి" అన్నాడు. మద్ది కొస మెల్లగా ఆకాశంలో జరిగి, ఆ ఒక్క దారిలోకి వచ్చింది. నేల అదిరింది. దుమ్ము తగ్గేసరికి అది రెండు ఇప్పల నడుమ పడుకొని ఉంది.

మేమంతా పడిన చెట్టు దగ్గరికి పోయాం. ముత్తుబాయి మాత్రం ఇప్పల దగ్గరికి పోయింది. ఒక్కొక్కదాని చుట్టూ తిరిగి, బోదె తడిమి, తల పైకెత్తి చూసింది. ఒకదానికి మణికట్టంత కొమ్మ విరిగింది. ఉస్తాద్ ఆమె దగ్గరికి పోయి, "మాఫ్ చెయ్యి బాయి" అన్నాడు.

"గంత దెబ్బ పడ్డది. వేళ్ళకు తగిలిందో లేదో నాకెర్కనా, నీకెర్కనా? పువ్వు రాలినప్పుడు చెప్త" అన్నది.

ఆమె భయం ఉత్తది కాదు. పెద్ద చెట్టు పడితే నేల లోపల వేళ్ళు అదురుతాయి. అదిగాక, మద్ది చాటున పెరిగిన చెట్లు నేరుగా ఎండకూ గాలికీ ఎన్నడూ నిలబడలేదు. మిగతావాటికి గీత పడకుండా దించామని మనం చెప్పుకొనేది ఆ రోజు వరకే. నిజంగా తెలిసేది కొన్నాళ్ళ తర్వాత, అది చూడటానికి మనం అక్కడ ఉండం. ఈ పనిలో నాకు ఎప్పుడూ నచ్చని సంగతి అదే.

ఆ ఏడు చైత్రంలో

అందుకే ఉగాది దాటాక జైనూరు అంగడికి పోయే కట్టె బండి దొరికితే ఎక్కేశాను. సరుకులేమయినా కొంటావా అని మల్లయ్య అడిగాడు. ఒక చెట్టు చూసి వస్తానన్నాను. అంగడి నుంచి నడిచి, తెల్లారి ఎండ రాకముందు ముత్తుబాయి చేను చేరాను.

అడుగు పెట్టకముందే వాసన తగిలింది. పువ్వు కోసం వాళ్ళు చెట్ల కింద ఆకు అలము ఊడ్చి, నేలను శుభ్రం చేసి పెట్టుకుంటారు. రాత్రంతా, తెల్లారేదాకా పువ్వు రాలుతూనే ఉంటుంది. ఇల్లంతా వచ్చి గంపల్లోకి ఏరుకుంటారు. ముత్తుబాయి నడుం వంచి ఏరుతోంది. నన్ను చూడగానే మద్ది పడిన చోటు వైపు చెయ్యి చూపింది. కట్టె ఎప్పుడో తీసేశారు. ఆ జాగా అంతా ముళ్ళు, రాళ్ళు, పెచ్చులు. వాటి నడుమ తెల్లగా పువ్వు పడి ఉంది.

"ఎన్నడు గిటు రాలలే. మద్ది నీడ పోయినంక గీ పక్క కొమ్మలు గూడ పూసినయి" అన్నది. ఆమె గొంతులో తగువు పెట్టుకునే ధోరణే ఉంది. "గిండ్ల ఎట్ల ఏరాలె? ముళ్ళల్ల చెయ్యి పెట్టాల్నా? నాకు పని పెంచి పోయిన్రు మీరు."

చీపురు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను రాళ్ళు ఏరి పక్కన పోసి, ముళ్ళు ఎత్తి, ఊడవడం మొదలుపెట్టాను. ఊడ్చిన చోటే మళ్ళీ పువ్వులు రాలుతున్నాయి. ఒకటి నా వీపు మీద పడింది. నేను వాటిని కూడా పక్కకు ఊడవబోయాను.

"చాలు తియ్యి" అన్నది ముత్తుబాయి, గంప నా ముందర పెడుతూ. "ఇగ ఏరు."